వెనకాలే వచ్చిన బండి

నోలీన్ డనెట్‌కి ఎదురుగా ఉన్న రోడ్డు కన్నా వెనక జరిగేదాని మీదే గురి ఎక్కువ. అది ఆమె తప్పు కాదు, చేసిన పని అలాంటిది. న్యూజీలాండ్ దక్షిణపు కొసన గోర్ అనే ఊళ్ళో, గొర్రెల పొలాల మధ్య, ఆమె ముప్పై ఏళ్ళు బడి బస్సు నడిపింది. ముందున్న రోడ్డులో కొత్తగా చూడడానికేమీ ఉండేది కాదు. జరిగేదంతా వెనక సీట్లలోనే. ఎవడు ఎవడి టోపీ కిటికీలోంచి విసిరాడో, ఎవతె ఎవతె జడని సీటుకి ముడేసిందో తలపైనున్న అద్దంలో చూసి, తల తిప్పకుండానే పేరు పెట్టి పిలిచేది. అన్నేళ్ళు అలా చూడగా చూడగా ఆమెకొక సంగతి స్థిరపడిపోయింది. అద్దంలోంచి చూస్తే ప్రతివాడూ ఏదో ఒకటి చేయబోతున్నట్టే ఉంటాడు.

ఉద్యోగం మానేసినా ఆ అద్దం ఆమెని వదల్లేదు. పక్కింటాయన తోటలో కాసిన పళ్ళు బుట్టెడు తెచ్చిస్తే, ఈయనకి మనతో ఏం పని పడిందా అని వారం రోజులు ఆలోచించేది. పోస్టుమాన్ నవ్వితే ఉత్తరం చింపి చదివాడేమో అనుకునేది. ఆస్ట్రేలియా ప్రయాణానికి ఇల్లు తాళం వేసినప్పుడు రెండో తాళంచెవిని తనొక్కతే వెళ్ళి ఎక్కడో దాచి వచ్చింది. కొడుకు గ్రాంట్ అడిగితే, "అవసరమొస్తే ఫోన్ చెయ్యి, అప్పుడు చెప్తా" అంది. మొగుడికీ చెప్పలేదు. మొగుడికి చెప్పడమంటే ఊరంతటికీ చెప్పడమే.

మొగుడు లిండ్సే అలాంటివాడు మరి. పాల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. దారినపోయేవాడు టైమెంత అని అడిగితే, టైముతో పాటు ఆ గడియారం ఎవరు పెట్టారో, వాళ్ళమ్మాయి ఇప్పుడెక్కడుందో కూడా చెప్పి పంపే రకం. మనిషి బక్కపల్చన. ఇరవయ్యో ఏటి నించీ షుగరు, ఇన్సులిన్ సూది మీదే ప్రాణం. పెళ్ళినాటి నించీ ఆ మందు పెట్టడం, తీయడం, చల్లగా ఉంచడం నోలీన్ పనే. ఆ ఒక్క విషయంలో ఆమె ఎవరినీ, చివరికి లిండ్సేని కూడా, నమ్మలేదు. ఆ చల్లని సీసాలు అయిపోయిన రోజున తన మొగుడు ఉండడని ఆమెకి తెలుసు. మిగతా భయాలన్నీ ఆ భయానికి పిల్లలే.

ఎడారి దారిలో ఆస్ట్రేలియాని ఈ చివర నించి ఆ చివరికి దాటాలన్నది లిండ్సే కోరిక. అడిలైడ్‌లో ఒక పాత నీలం వ్యాను కొన్నారు. లోపల మంచం, పొయ్యి, చిన్న ఫ్రిజ్. అమ్మినవాడు మంచివాడిలా కనబడడమే నోలీన్‌కి నచ్చలేదు. బండి కింద దూరి అరగంట వెతికింది. ఒక్క లోపమూ దొరకలేదు. దాంతో అనుమానం ఇంకా పెరిగింది.

పడమటి దారి పట్టాక, ఎదురొచ్చే ప్రతి బండివాడూ స్టీరింగ్ మీంచి ఒక వేలు పైకెత్తడం మొదలుపెట్టాడు.

"ఎవరు వీళ్ళు? మనమెవరో వీళ్ళకెలా తెలుసు?" అంది నోలీన్. స్టీరింగ్ ఆమె చేతిలోనే ఉండేది, లిండ్సేకి ఇచ్చేది కాదు.

"పలకరింపే తల్లీ. ఈ దారిలో అంతేనట," అని లిండ్సే పక్కసీట్లోంచి రెండు చేతులూ ఎత్తి, పెళ్ళివారిని ఆహ్వానిస్తున్నట్టు ఊపేవాడు.

నోలీన్ వేలు మాత్రం స్టీరింగ్ మీంచి లేవలేదు. ఆమె కళ్ళు పక్కద్దంలో ఉన్నాయి. పొద్దున్నించీ ఆ అద్దంలో ఒక తెల్ల పికప్పు, దాని తోకకి గుడ్డులాంటి చిన్న ఇంటిబండి, కారవాన్. తను నెమ్మదిస్తే అదీ నెమ్మదిస్తోంది. తను తొందరపడితే అదీ తొందరపడుతోంది.

సెడ్యూనా ఊళ్ళో బళ్ళు ఆపుకునే తోటలో ఆ సాయంత్రం దిగారు. అలాంటి చోట్ల పొద్దువాలగానే ఎవరి కుర్చీ వాళ్ళు, ఎవరి గ్లాసు వాళ్ళు తెచ్చుకుని గుండ్రంగా చేరతారు. లిండ్సే పోయి మగవాళ్ళ మధ్య కూర్చుని, దారి ముచ్చట్లలో పడ్డాడు. నోలీన్ పక్కన ఊదారంగు స్వెటరావిడ ఒకతె కూర్చుంది.

"జాగ్రత్తమ్మా, ఈ మధ్య దొంగలు ఎక్కువయ్యారు," అందావిడ గొంతు తగ్గించి. "ముందు పక్కకొచ్చి, వెనక చక్రంలో గాలి పోతోందంటారు. నువ్వు దిగి వంగి చూస్తుంటే అటు తలుపులోంచి అంతా లాగేస్తారు. మందుల్ని కూడా వదలట్లేదు. సూదిమందులంటే మరీనూ."

సరిగ్గా అప్పుడే, మోకాళ్ళు బయటికి కనబడే నిక్కరు, ఎండకి కమిలిన మొహం, తాటిచెట్టంత మనిషి, డెబ్భై దాటినవాడు, కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి లిండ్సే పక్కనే వేసుకున్నాడు.

"మీది ఆ నీలం వ్యానే కదూ? నిన్నటి నించీ మీ వెనకే వస్తున్నా," అన్నాడు, అదేదో శుభవార్తలాగా. "నా పేరు క్లెమ్. మీరు మాట్లాడుతుంటేనే తెలుస్తోంది న్యూజీలాండ్ అని. గొర్రెల్ని ఎవరికప్పజెప్పి వచ్చారు గురూ?"

"మా అత్తగారికి," అన్నాడు లిండ్సే. ఇద్దరూ పగలబడి నవ్వారు. లిండ్సే అత్తగారు పోయి పదేళ్ళు.

"రేపెన్నింటికి బయల్దేరతారు చెల్లెమ్మా?" క్లెమ్ ఈమె వైపు తిరిగాడు.

"నేనెవరికీ చెల్లెమ్మని కాను. ఇంకా ఏమీ అనుకోలేదు."

"ఎనిమిదింటికి," అన్నాడు లిండ్సే.

మర్నాడు నోలీన్ మొగుణ్ణి ఆరింటికే లేపి, టీ కూడా తాగనివ్వకుండా బండి తీసింది. పెనాంగ్ అనే చిన్న ఊళ్ళో కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటూ, ఈసారికి వదిలించుకున్నాం అనుకుంటుండగా తెల్ల బండి వచ్చి ఆగింది. క్లెమ్ దిగి, ఒక చెయ్యి వీపు వెనక దాచుకుని, వీళ్ళ కిటికీ వైపు నడిచి వస్తున్నాడు. చేతిలో ఏదో ఉంది. నోలీన్ కిటికీ అద్దం పైకెక్కించి బండిని ఉరికించింది.

"పాపం, ఏదో చెప్పబోయాడు నోలీన్."

"చెప్పబోయాడో, పొడవబోయాడో."

ఇంకాస్త దూరం పోయాక వెనక నించి లైట్లు కొట్టడం మొదలైంది. తెల్ల బండి పక్కకొచ్చి, దాని కిటికీలోంచి క్లెమ్ తల బయటపెట్టి అరిచాడు. "చెల్లెమ్మా, ఎడమవైపు వెనక చక్రంలో గాలి పోతోంది. ఆపి చూసుకో."

ఊదారంగు స్వెటరావిడ చెప్పిన మాట, చెప్పింది చెప్పినట్టు. నోలీన్ ఇంకా గట్టిగా తొక్కింది. ఆ తర్వాత ఎంతో దూరం పోలేదు. చక్రం తుపాకి పేలినట్టు పేలి, బండి ఊగి, రోడ్డు దిగి, ఎర్రమట్టిలో నిలబడింది. చక్రం ముక్కలైపోయింది.

క్లెమ్ బండి ఆపి వచ్చి, ఒక్క మాట అనకుండా మోకాళ్ళ మీద కూర్చుని విడి చక్రం బిగించాడు. అతను ఆ పని చేస్తున్నంతసేపూ నోలీన్ వ్యాను తలుపుకి వీపానించి, ఇనపకడ్డీ ఒకటి చేత్తో పట్టుకుని కాపలా కాసింది.

"చెల్లెమ్మా, ఆ కడ్డీ ఒకసారి ఇస్తే బోల్టులు బిగిస్తా," అన్నాడు క్లెమ్ చివరికి. ఇవ్వక తప్పలేదు.

నిజంగానే గాలి పోయింది కదా, మనిషి మంచివాడేమో అని నోలీన్‌కి తోచకపోలేదు. తోచిన మరుక్షణమే, ఆ గాలి తీసిందెవరు అన్న ప్రశ్న కూడా తోచింది. రాత్రంతా వీళ్ళ బండి పక్కనే కదా అతని బండి ఉన్నది.

ఆ పూట ఆగిన చోట, లిండ్సే కనబడని తన టోపీని వెతుక్కుంటూ అటు పోయినప్పుడు, ఆమె ఫ్రిజ్ తలుపులోంచి ఇన్సులిన్ అంతా తీసింది. దొంగ ముందు ఫ్రిజ్ తెరుస్తాడు. తడి తువ్వాల్లో చుట్టి, గడ్డకట్టిన నీళ్ళసీసాలు రెండు పక్కన పెట్టి, మంచం కింద ఉండే కూరగాయల పెట్టె అడుగున సర్దింది. దానిమీద బంగాళాదుంపలు, క్యారెట్లు, అన్నిటికన్నా పైన ఒక పెద్ద క్యాబేజీ. ప్రపంచంలో ఏ దొంగా క్యాబేజీని ముట్టుకోడని ఆమె నమ్మకం. లిండ్సే వాడుతున్న సూది పెన్ను ఎప్పటిలా అతని జేబులోనే ఉంది కాబట్టి, ఈ సంగతి అతనికి చెప్పే అవసరం లేకపోయింది. అసలు చెప్పే ఉద్దేశమూ లేదు.

మర్నాడు మధ్యాహ్నం నల్లార్బర్ మైదానంలోకి వచ్చారు. చెట్టు లేదు, గుట్ట లేదు. దారి పక్కన ఉన్న ఒకే ఒక్క పెట్రోలు బంకులో నోలీన్ స్నానానికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి లిండ్సే మామూలుగానే ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళతో, ఒక పాత ఆకుపచ్చ బస్సు పక్కన నిలబడి, నవ్వుతూ చేతులూపుతూ కబుర్లాడుతున్నాడు. తెల్ల బండి అవతలి పంపు దగ్గరుంది. "ఎక్కు, పోదాం," అంది ఆమె. అంతకు మించి ఆ ఆకుపచ్చ బస్సుని పట్టించుకోలేదు. ఆమె అనుమానమంతా తెల్లరంగు మీదే ఖర్చయిపోయింది.

సాయంత్రం సముద్రపు కొండకొమ్మున ఆగారు. అక్కడ నేల కత్తితో కోసినట్టు తెగిపోయి, కింద ఎక్కడో అలలు కొట్టుకుంటూ ఉంటాయి. ఎటు చూసినా ఖాళీయే. ఇంత ఖాళీలోనూ క్లెమ్ వచ్చి, తన కారవాన్ని వీళ్ళ వ్యానుకి పదడుగుల్లో నిలబెట్టి, చెయ్యి ఊపి లోపలికి పోయాడు.

"చూశావా? ఇంత దేశం ఉంటే వాడికి మన పక్కే దొరికింది," అంది నోలీన్.

"తోడు కోసం ఉంటాడులే."

"ఎవరికి తోడు?"

తెల్లవారింది. లిండ్సే సూది వేసుకోబోతే పెన్ను ఖాళీ. "ఇంకొకటి తీసి ఉంచు, ఇప్పుడే వస్తా," అని అతను తిమింగలాలు కనబడతాయేమోనని కొమ్ము వైపు నడిచాడు. నోలీన్ మంచం కింద చెయ్యి పెట్టింది. పెట్టె లేదు. మంచం మీది పరుపు ఎత్తింది, బీరువాలు తెరిచింది, బయటికొచ్చి బండి కింద చూసింది. కూరగాయల పెట్టె, క్యాబేజీతో సహా, మాయం.

ఆమెకి ఒళ్ళు మండింది. పోయి కారవాన్ తలుపు రెండు చేతులతో బాదింది. క్లెమ్ గడ్డం సబ్బు నురగతోనే బయటికొచ్చాడు.

"పెట్టె ఎక్కడ?"

"ఏ పెట్టె చెల్లెమ్మా?"

"నాటకాలొద్దు. మూడు రోజుల నించీ కుక్కలా వెంటపడుతున్నావు. ఏం కావాలో తీసుకో, ఫ్రిజ్ తీసుకో, బండే తీసుకో. అందులో మా ఆయన మందుంది. అదిచ్చెయ్."

క్లెమ్ నురగ తుడుచుకున్నాడు. కోపం రాలేదు, ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు కళ్ళు చిన్నవి చేశాడు. "కూరగాయల పెట్టా? పైన క్యాబేజీ?"

"చూశావా, నీకే తెలుసు."

"తెలియకేం. నిన్న మీ ఆయన ఆ పచ్చ బస్సువాళ్ళకి ఇచ్చేశాడుగా. నేను పంపు దగ్గర నిలబడి చూశా."

ఆ అరుపులకి లిండ్సే తిరిగొచ్చి, మందు మాట విన్నాడు. అతని మొహం చూస్తేనే తెలిసిపోయింది. "సరిహద్దు దాటి పశ్చిమ రాష్ట్రంలోకి కూరగాయ ముక్క పోనివ్వరు నోలీన్, తనిఖీలో అన్నీ బుట్టలో పారేస్తారు. అందుకని అటు పోయేవాళ్ళంతా ఇటు వచ్చేవాళ్ళకి ఇచ్చేస్తారట. సెడ్యూనాలో చెప్పారు. పారేసే బదులు ఎవరో ఒకరు వండుకు తింటారు కదా అని ఇచ్చా. నీకు చెప్తే వాళ్ళెవరో ఏమిటో అంటావని..." అతను నోలీన్ వైపు తిరిగాడు. "మందు అందులో ఎందుకుంది?"

నోలీన్‌కి అప్పుడు అర్థమైంది. కుర్చీల దగ్గర మగవాళ్ళు ఈ ఇచ్చిపుచ్చుకోవడాల సంగతి చెప్పుకుంటున్నప్పుడు, పక్కనే తను దొంగల సంగతి వింటోంది. మొగుడి ప్రాణాన్ని తన చేతులతోనే మూటగట్టి, దాని మీద క్యాబేజీ పెట్టింది.

"ఎక్కడ ఆగుతామన్నారు గురూ?" క్లెమ్ అప్పటికే కారవాన్ కొక్కెం విప్పుతున్నాడు.

"తిమింగలాల చోటు దగ్గర. బస్సావిడ పేరు బెవ్."

"మీ బండి ఈ దారిలో వెనక్కి తిప్పొద్దు, విడి చక్రం కూడా లేదు. నేను పోతా. కావాలంటే ఆయన్ని నాతో పంపు, దారిలో ఎవరైనా డాక్టరు దొరికినా మంచిదే."

"మా ఆయన్ని నీ బండిలో ఎక్కించను," అంది నోలీన్. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. ముప్పై ఏళ్ళ అలవాటు, ప్రాణం మీదికొచ్చినా పోలేదు.

క్లెమ్ కారవాన్ తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. "నాకు ఇల్లూవాకిలీ ఇదొక్కటే. నేను రాకపోతే నీదే," అని చెప్పి, దుమ్ము లేపుకుంటూ తూర్పుకి పోయాడు.

ఫోన్లు పనిచేసే చోటు కాదది. నోలీన్ రోడ్డు మీద నిలబడి, పడమటికి పోతున్న లారీ ఒకటి ఆపింది. సరిహద్దు బంకు నించి విమానంలో వచ్చి చూసే డాక్టరుకి కబురు చెప్తానన్నాడు డ్రైవరు. అతను చెప్తాడని నమ్మకం లేక ఆమె బండి నంబరు బట్టీ పట్టింది. లిండ్సే నీడలో పడుకుని, నీళ్ళ మీద నీళ్ళు తాగుతున్నాడు. నాలిక పిడచగట్టుకు పోతోందన్నాడు. కాసేపటికి మాట్లాడడం మానేశాడు. లిండ్సే మాట్లాడకపోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. అది చూడలేక లేచి వెళ్ళి కారవాన్ తలుపు తీసింది.

ఎందుకు వెతుకుతోందో ఆమెకి తెలుసు. ఆ మనిషి తిరిగొస్తాడనడానికి ఏదైనా ఆధారం కావాలి. చిన్న గది, శుభ్రంగా ఉంది. గిన్నెలు, దుప్పటి, చేపల గాలం. బల్ల సొరుగు లాగింది. లోపల చక్కగా మడిచి పెట్టిన గుడ్డటోపీ. ముందువైపు గోర్ సంతలో కొన్న చేప బొమ్మ. లిండ్సే టోపీ. పెనాంగ్‌లో కుళాయి దగ్గర పోయిందని లిండ్సే వెతుక్కున్న టోపీ.

నోలీన్ మంచం మీద కూలబడింది. దొంగే. టోపీని కూడా వదలని దొంగ. దొంగ చేతికే మొగుడి ప్రాణం అప్పజెప్పి పంపింది. ఈ డొక్కు కారవాన్ ఎవరి దగ్గర కొట్టేశాడో, దీన్ని వదిలించుకుని పోవడానికి ఇదే అదననుకుని ఉంటాడు. ఆమె బయటికొచ్చి, లిండ్సే తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. జీవితంలో మొదటిసారి, తన అనుమానం తప్పు కావాలని కోరుకుంది. దేవుణ్ణి అడగడం అలవాటు లేదు కాబట్టి, రోడ్డుని చూస్తూ రోడ్డునే అడిగింది.

పొద్దు నడినెత్తి దాటాక తూర్పున ఒక చుక్క కనబడింది. తెల్లగా ఉంది. దాని వెనక ఇంకో చుక్క, ఆకుపచ్చగా.

బస్సు ఆగీ ఆగకముందే, ముఖమంతా ముడతలున్న ఒకావిడ మందు మూట గుండెకి హత్తుకుని దూకింది. "మా ఫ్రిజ్‌లో పెట్టాను, చల్లగానే ఉంది. నిన్న సూపు పెడదామని దుంపలు తీస్తే అడుగున ఇది. మా అక్క కూడా ఇదే వాడేది, చూడగానే గుండె ఝల్లుమంది. పొద్దున్నే బస్సు వెనక్కి తిప్పి వస్తుంటే, ఈయన రోడ్డు మధ్య నిలబడి చేతులూపుతున్నాడు. ఎవడో పిచ్చాడు, ఆపొద్దన్నాడు మా ఆయన."

నోలీన్ సూది వేసింది. మధ్యాహ్నమంతా బెవ్ నోలీన్ పక్కనే కూర్చుంది. పొద్దువాలే వేళకి లిండ్సే లేచి, బెవ్‌ని ఆవిడ అక్క పేరేమిటని అడిగాడు. అప్పుడు నోలీన్ వ్యాను వెనక్కి పోయి, ఎవరికీ కనబడకుండా ఏడ్చింది. మొహం కడుక్కుని, టోపీ పట్టుకుని క్లెమ్ దగ్గరికొచ్చింది.

"ఇది మీ సొరుగులో దొరికింది."

"సొరుగు కూడా వెతికావన్నమాట," అన్నాడు క్లెమ్. "కుళాయి దగ్గర పడిపోతే తెచ్చిచ్చా కదా. నువ్వు అద్దం ఎక్కించి పారిపోయావు. చక్రం మార్చినప్పుడు ఇద్దామంటే చేతిలో కడ్డీ పట్టుకున్నావు. టోపీ కోసం తల పగలగొట్టించుకోవడం ఎందుకని ఊరుకున్నా."

నోలీన్ మొహం సిగ్గుతో మెడ దాకా ఎర్రబడింది. "మిమ్మల్ని దొంగనుకున్నాను."

"పొద్దున మొహం మీదే అన్నావుగా, కొత్తేముంది."

"మరి మా వెనకే ఎందుకొస్తున్నారు? అది చెప్పండి ముందు." సిగ్గుపడుతున్నా ఆరా తీయడం మాత్రం ఆపలేదు.

క్లెమ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మా ఆవిడ వాల్ ఉన్నప్పుడు పక్కన కూర్చుని దారంతా వాగుతూనే ఉండేది. పోయిన ఏడాది పోయింది. ఇప్పుడు ఒక్కణ్ణీ నడిపితే నిద్ర ముంచుకొస్తోంది, రెండుసార్లు రోడ్డు దిగిపోయా. ముందు ఒక బండి ఉండి, అందులో రెండు తలకాయలు కనబడుతూ ఉంటే నిద్ర రాదు. నీ తల అటూ ఇటూ తిరుగుతూ ఎప్పుడూ ఆయన్ని తిడుతున్నట్టుంటుంది. అచ్చం వాల్ లాగే. అందుకే మిమ్మల్ని వదల్లేకపోయా."

నోలీన్ పొయ్యి వెలిగించి, రొట్టెలో జున్ను పెట్టి చుట్టి, వెన్న రాసి కాల్చింది. తమ ఊరివాళ్ళు ఇంటికొచ్చిన చుట్టానికి చేసిపెట్టే చీజ్ రోల్స్ అవి. క్లెమ్‌కి నాలుగు పెట్టింది. లిండ్సేకి ఒకటే ఇచ్చింది.

మర్నాడు సరిహద్దు బంకులో కౌంటరావిడ ఆమెని చూసి, "ఇన్సులిన్ మందు పోగొట్టుకున్నది మీరేనా? లారీ ఆయన చెప్పి వెళ్ళాడు, డాక్టరు రెండుసార్లు ఫోన్ చేసి అడిగారు," అంది. తనిఖీ మనిషి బెవ్ తిరిగిచ్చిన క్యాబేజీని తీసి బుట్టలో పారేశాడు. నోలీన్ దానికి ఒక్క మాట అడ్డం చెప్పలేదు.

అక్కడి నించి ఇంకొంత దూరం పోతే, వంపన్నదే లేని తిన్నని రోడ్డు గంటన్నర సేపు. మనుషులు నిద్రపోయే రోడ్డంటే అదే. దాని మొదట్లో నోలీన్ బండి ఆపి దిగి, క్లెమ్ దగ్గరున్న రెండో చేతిరేడియో అడిగి తీసుకుంది. తిరిగొచ్చి లిండ్సేతో, "జరుగు. నువ్వు నడుపు," అంది.

"నేనా?"

"రెండు పనులు ఒకేసారి చేయలేను."

తెల్ల బండి అద్దంలో కనబడేంత దూరంలో వెనకాలే వస్తోంది. నోలీన్ రేడియో మీట నొక్కింది. "క్లెమ్, వినబడుతోందా? నిద్రపోకు." మొదలుపెట్టాక ఆమెకి ఆపడం తెలియలేదు. బడి బస్సులో టోపీలు విసిరినవాళ్ళ పేర్లు చెప్పింది. పక్కింటాయన పళ్ళబుట్ట సంగతి చెప్పింది. వ్యాను అమ్మినవాడు ఎందుకంత మంచిగా మాట్లాడాడో ఇప్పటికీ తేలలేదని చెప్పింది. ఎదురొచ్చే బళ్ళవాళ్ళకి మాట మధ్యలోనే వేలు ఎత్తింది. మధ్యమధ్య వెనక నించి "ఊఁ, తర్వాత?" అని క్లెమ్ గొంతు. ఆ గొంతు రాకపోతే ఆమె అద్దం వైపు వంగి, "నెమ్మదిగా పోనీ, వెనకబడ్డాడు," అని లిండ్సేని కసిరేది.

కబుర్లన్నీ అయిపోయాయి. రోడ్డు మాత్రం ఇంకా ఉంది.

"ఈసారి గోర్ వచ్చినప్పుడు మా ఇంట్లోనే దిగాలి," అంది రేడియోలో. "మేం లేకపోయినా సరే. తాళంచెవి ఉన్ని కొట్టంలో, పాత గొర్రె కత్తెర వేలాడే మేకు వెనక, రేకు కింద పెట్టా."

లిండ్సే ఉలిక్కిపడి ఆమె వైపు చూశాడు. బండి కాస్త పక్కకి జరిగింది. "నాకు ఎప్పుడూ చెప్పలేదే."

"నువ్వు అడగలేదు. రోడ్డు చూడు."

రేడియోలో కాసేపు గరగర. తర్వాత క్లెమ్ నవ్వు ఆపుకుంటున్న గొంతు. "చెల్లెమ్మా, ఒక మాట చెప్పడం మర్చిపోయా. ఈ రేడియో ఈ దారిలో పోయే లారీలవాళ్ళందరికీ వినబడుతుంది."

ఆ వెంటనే ఎవరిదో బొంగురు గొంతు అందుకుంది. "అవునమ్మా, మేకు వెనక రేకు కింద. రాసుకున్నాం. మీ పక్కింటాయన కథ చివరికేమైందో అది చెప్పండి ముందు."

లిండ్సే ఊపిరి బిగబట్టి పెళ్ళాం మొహంలోకి చూశాడు. నోలీన్ రేడియోని చూసింది. అద్దంలో తెల్ల బండిని చూసింది. అది తిన్నగా, మెలకువగా వస్తోంది.

"వింటే విననీ," అని మళ్ళీ మీట నొక్కింది. "పక్కింటాయన పళ్ళు తెచ్చాడన్నానా..."